ఆ వైరు కట్ చేయించకండి

డిసెంబరు వచ్చిందంటే మన పడమటి మండలాల్లో వ్యాన్ వాళ్లకు రెండు సీజన్లు ఒకేసారి మొదలవుతాయి. ఒకటి పొగమంచు, రెండోది శబరిమల ట్రిప్పులు. మదనపల్లెలోనో పుంగనూరులోనో తెల్లవారకముందే బండి కదులుతుంది. లోపల పన్నెండు మంది స్వాములు. చన్నీళ్ల స్నానంతో తడిసిన తలలు, ఆరని పంచెలు, చలికి మూసేసిన కిటికీలు. కుప్పం దాటి తమిళనాడులోకి వెళ్లేలోపే ముందద్దం తెల్లగా అయిపోతుంది. డ్రైవర్‌కు ఒక చేతిలో స్టీరింగ్, ఇంకో చేతిలో గుడ్డ. 60 కిలోమీటర్ల స్పీడులో మూడు సెకన్లు అద్దం తుడిస్తే, బండి 50 మీటర్లు గుడ్డిగా వెళ్లినట్టే.

దీనికి మందు చాలా బండ్లలో ముందే ఉంది. నాబ్‌ను అద్దం గుర్తు దగ్గరికి తిప్పితే గాలి అద్దం మీదికి కొడుతుంది, ఏసీ కూడా దానంతటదే ఆన్ అవుతుంది. గొడవంతా ఇక్కడే. మెకానిక్ షెడ్డులో వినిపించే మాట ఇది: "అన్నా, ఇంత చలిలో ఏసీ ఎందుకు పడతాంది? ఆ వైరు పీకెయ్, డీజిల్ మిగల్తాది."

పీకడం అయిదు నిమిషాల పని. కానీ ఆ ఏసీ చల్లదనం కోసం పెట్టింది కాదు.

అద్దం ఎందుకు మసకబారుతుంది?

ఊపిరి, చెమట కలిపి ఒక మనిషి నుంచి గంటకు సుమారు 40 గ్రాముల నీరు ఆవిరిగా బయటికి వస్తుంది. పన్నెండు మందికి లెక్క వేయండి, గంటకు దాదాపు అర లీటరు. తడి పంచెలు దీనికి అదనం. ఆ తేమ అంతా బయటి చలికి చల్లబడిన అద్దం మీద నీటి బొట్లుగా మారుతుంది. ఐస్ వాటర్ గ్లాసుకు చెమట పట్టినట్టే.

హీటర్ ఒక్కటే వేస్తే అద్దం వేడెక్కుతుంది గానీ తేమ బండిలోనే ఉంటుంది. ఏసీ వేస్తే గాలి ముందు చల్లటి కాయిల్ మీదుగా వెళ్తుంది. తేమ అక్కడ నీరై, డ్రైన్ పైపులోంచి రోడ్డు మీద పడుతుంది. ఆ పొడి గాలినే హీటర్ వేడి చేసి అద్దం మీదికి పంపుతుంది. ఇంజిన్ కూలెంట్ వేడినే వాడుకుంటుంది కాబట్టి హీటర్‌కు వేరే ఖర్చు లేదు.

ఏసీకి డీజిల్ ఖర్చవుతుంది, నిజమే. కానీ చలిలో కాయిల్ తొందరగా చల్లబడి, థర్మోస్టాట్ కంప్రెసర్‌ను మధ్యమధ్యలో ఆపేస్తుంది. ఎండాకాలమంత భారం ఉండదు. అద్దం క్లియర్ అయ్యాక నాబ్ వెనక్కి తిప్పి, ఏసీ బటన్ ఆఫ్‌లో ఉందో లేదో చూసుకుంటే చాలు. మిగిలేది కొంచెం డీజిల్, పోయేది చూపు.

మార్పు చేయించాలంటే

పాత వ్యాన్లలో నాబ్‌కు, ఏసీకి సంబంధం ఉండదు. అలాంటి బండిలో అద్దం మసకబారితే ఏసీ బటన్ మనమే నొక్కాలి. చాలామందికి ఆ సంగతి తెలియదు. అది ఆటోమేటిక్‌గా జరగాలంటే నాబ్ దగ్గర చిన్న స్విచ్ పెట్టించొచ్చు. మా కోడింగ్ భాషలో ఇది 'ఆర్' కండిషన్. బటన్ నొక్కినా ఏసీ రావాలి, నాబ్ తిప్పినా రావాలి. కంప్రెసర్ క్లచ్ లాగే కరెంటును చిన్న స్విచ్ తట్టుకోలేదు కాబట్టి మధ్యలో రిలే, ఫ్యూజ్ తప్పనిసరి.

మూడు విషయాల్లో మాత్రం 'అండ్' కండిషన్ పోకూడదు. బ్లోయర్ తిరుగుతుండాలి, లేకపోతే కాయిల్ మీద ఐస్ కడుతుంది. థర్మోస్టాట్ లైనులో ఉండాలి. ప్రెషర్ స్విచ్‌ను బైపాస్ చేయకూడదు. గ్యాస్ తగ్గిందని అది కంప్రెసర్‌ను ఆపితే, డైరెక్ట్ చేసేద్దాం అనే మెకానిక్‌కు దండం పెట్టి వచ్చేయండి. గ్యాస్‌తో పాటు తిరిగే ఆయిల్ అందక కంప్రెసర్ కాలిపోతుంది.

షెడ్డుకు వెళ్లేముందు చూసుకోండి

• రీసర్క్యులేషన్ ఆఫ్‌లో ఉందా? ఆన్‌లో ఉంటే అదే తడి గాలి తిరుగుతుంటుంది.
• నాబ్ తిప్పినా గాలి అద్దానికి రావడం లేదా? పాత బండ్లలో కేబుల్ వదులైపోయి ఉంటుంది.
• డ్రైన్ పైపు మూసుకుపోయిందా? నీరు లోపలే నిలిచి మళ్లీ ఆవిరవుతుంది.
• అద్దం మీద జిడ్డు, తీపి వాసన ఉన్నాయా? హీటర్‌లో కూలెంట్ లీకవుతోందేమో.
• వైపర్ వేస్తే మసక పోతోందా? అయితే అది బయటివైపు పట్టింది. చల్లగాలిని అద్దం మీది నుంచి తప్పించండి.

చట్టం పెద్ద బండ్లకే

2023 డిసెంబరులో కేంద్రం ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం, 2025 అక్టోబరు 1 నుంచి తయారయ్యే, 3.5 టన్నులు దాటిన లారీల క్యాబిన్‌లో ఏసీ తప్పనిసరి. మదనపల్లె మార్కెట్ నుంచి రాత్రంతా టమాటా మోసే చిన్న పికప్‌లు దీని కిందికి రావు, స్వాములు ఎక్కే వ్యాన్లూ రావు. ఆ బండ్లలో అద్దం సంగతి ఓనరు, డ్రైవరు, మెకానిక్ ముగ్గురే చూసుకోవాలి.

ఈసారి ట్రిప్పుకు వ్యాన్ మాట్లాడేటప్పుడు రేటు, సీట్లతో పాటు ఇంకోటి అడగండి. ఇంజిన్ స్టార్ట్ చేయించి, బ్లోయర్ వేయించి, నాబ్‌ను అద్దం వైపు తిప్పించండి. 'టక్' మని క్లచ్ చప్పుడు వినిపించాలి. వినిపించకపోతే ఏసీ బటన్ నొక్కించండి. కాసేపటికి బండి కింద నీటి చుక్కలు పడుతున్నాయంటే లోపలి తేమ బయటికి పోతున్నట్టే. అప్పుడు సామాన్లు ఎక్కించండి.