ఆర్నెల్లకూ మూడేళ్లకూ మధ్య

గుంటూరు, పల్నాడు పల్లెల్లో మిరప కోతలు మొదలయ్యాయంటే తెల్లవారుతూనే కూలీల ఆటోలు కదులుతాయి. వాటిలో ఆడవాళ్లే ఎక్కువ. సాయంత్రం దాకా కాయ కోసిన చేతులు ఎంత కడిగినా మండుతూనే ఉంటాయి. ఆ చేతులతో పాలు తాగే బిడ్డను ఎత్తుకోవాలంటే తల్లికి భయం. చేను దగ్గరికి తెచ్చుకుందామంటే ఎండ, దుమ్ము, ఘాటు. ఇంట్లో వదిలేద్దామంటే చూసేదెవరు? నాయనమ్మో అమ్మమ్మో ఉంటే సరే. లేకపోతే బడికి పోవలసిన పెద్దపిల్ల కోతలయ్యేదాకా ఇంటిపట్టునే ఉండిపోతుంది. ఎకరం మిరపకు ఎంత ఖర్చయిందో రైతు చెప్పే లెక్కలో విత్తనం, మందులు, కోత కూలి అన్నీ ఉంటాయి. ఆ పిల్ల పోగొట్టుకున్న పాఠాలు ఎవరి లెక్కలోకీ రావు.

పసిపిల్లలను చూసుకోవడాన్ని మన బడ్జెట్ చర్చలు ఇంటి సంగతిగా వదిలేస్తూ వచ్చాయి. కానీ బిడ్డను నమ్మకంగా అప్పగించే చోటు ఉంటేనే తల్లి కూలికి వెళుతుంది, ఉద్యోగం నిలుపుకుంటుంది, కొట్టు తెరుస్తుంది. ఊరికి రోడ్డు, కరెంటు ఎలాగో శిశు సంరక్షణ కేంద్రమూ అలాగే. దాని మీద నిలబడి మిగతా సంపాదనలన్నీ సాగుతాయి.

ఉన్న ఏర్పాట్లను వరుసగా పెట్టి చూస్తే మధ్యలో ఒక పెద్ద ఖాళీ కనిపిస్తుంది. 2017లో ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని సవరించి, మొదటి ఇద్దరు పిల్లలకు జీతంతో కూడిన సెలవును 26 వారాలకు పెంచారు. అంటే ఆర్నెల్లు. అదీ సంఘటిత రంగంలో ఉన్న కొద్దిమందికే. అంగన్‌వాడీలో కూర్చోబెట్టి ఆటపాటలు నేర్పేది మూడేళ్లు నిండిన పిల్లలకు. ఆలోపు పిల్లలకు బరువు తూస్తారు, బాలామృతం ప్యాకెట్ ఇచ్చి పంపుతారు. ప్యాకెట్ ఇంటికొస్తుంది, సరే. వేళకు కలిపి తినిపించే మనిషి పనిలోకి పోతే? నడక, మాట, మెదడు ఎదుగుదల అన్నీ వేగంగా సాగే రెండున్నరేళ్లు అవి. తల్లి ఉద్యోగం తెగిపోయేదీ ఎక్కువగా అప్పుడే.

హైదరాబాద్‌లో, విశాఖలో చదువుకున్న కుటుంబాలదీ ఇదే చిక్కు, రూపం వేరు. ‘నా జీతంలో సగం డేకేర్‌కే పోతుంటే ఇక ఉద్యోగమెందుకు?’ అంటుంది కోడలు. ఇంట్లో అందరూ తలూపుతారు. బిడ్డ ఇద్దరిదీ అయినప్పుడు డేకేర్ ఫీజు ఆమె జీతంలోంచే ఎందుకు తీసివేయాలి? పైగా ఆ లెక్క ఈ నెలకే. మూడేళ్లు మానేస్తే ఇంక్రిమెంట్లు, ప్రమోషన్, పీఎఫ్ పోతాయి. తిరిగి చేరేనాటికి తన కింద పనిచేసినవాళ్లే పై అధికారులై ఉంటారు. స్త్రీ పురుషుల సంపాదనల్లో తేడా మొదటి బిడ్డ పుట్టాకే బాగా పెరుగుతోందని అమెరికా లెక్కలతో తేల్చిచెప్పిన క్లాడియా గోల్డిన్‌కు 2023లో నోబెల్ ఆర్థిక బహుమతి వచ్చింది. అమెరికా దాకా పోనక్కర్లేదు. మన 2024 కాల వినియోగ సర్వే ప్రకారం 15–59 ఏళ్ల స్త్రీలలో 41 శాతం ఇంట్లోవారి సంరక్షణకు రోజుకు 140 నిమిషాలు వెచ్చిస్తున్నారు. పురుషుల్లో ఆ పని చేసేవారు 21 శాతం, వెచ్చించేది 74 నిమిషాలు.

చట్టాలు రాసిన తీరు కూడా ఒకోసారి ఆడవాళ్లకే అడ్డమైంది. 1948 ఫ్యాక్టరీల చట్టం కింద ముప్పై మందికి మించి మహిళా కార్మికులుంటే క్రెష్ (శిశు సంరక్షణ కేంద్రం) పెట్టవలసి ఉండేది. ముప్పై ఒకటో అమ్మాయిని తీసుకుంటే గది కట్టాలి, ఆయాను పెట్టాలి అనిపిస్తే, ఏ యజమాని ఆమెకు పని ఇస్తాడు? 2017 సవరణ ఆ తప్పును కొంత దిద్దింది. ఆడా మగా కలిపి కనీసం 50 మంది ఉన్న సంస్థల్లో క్రెష్ ఉండాలంది, తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూసుకోవచ్చంది. పిల్లల బాధ్యతను ఆడవాళ్ల సంఖ్యతో ముడిపెట్టకుండా మొత్తం సిబ్బందితో ముడిపెట్టడం మంచి ఆలోచన.

ఇంతకన్నా మంచి ఆలోచన 2005 నాటి ఉపాధి హామీ చట్టంలో కనిపించింది. పని జరిగేచోట ఆరేళ్లలోపు పిల్లలు ఐదుగురు, అంతకు మించి ఉంటే, వారిని చూసుకోవడానికి ఒక మహిళను పెట్టి, మట్టి తవ్వేవారితో సమానంగా కూలి ఇవ్వాలని అందులో రాశారు. బిడ్డను చూడటం కూడా గడ్డపార పట్టినంత పనేనని ఒప్పుకున్న మాట అది. పిల్లల తల్లులందరి కూలీ నిలబెట్టేది ఆ ఒక్క మనిషి. అమలు అంతంతమాత్రంగానే సాగడం చాలా బాధ కలిగించే విషయం. ఎన్నో చోట్ల పిల్లలు చెట్టుకు కట్టిన చీర ఉయ్యాలలోనే మిగిలారు.

రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి 90 వేలకు పైగా అంగన్‌వాడీ కేంద్రాలున్నాయి. ఇంత విస్తృతమైన పునాది ఉండటం మన అదృష్టం. వాటిని నడిపే వారిని మాత్రం ఉద్యోగులుగా గుర్తించలేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో కార్యకర్తకు గౌరవ వేతనం నెలకు 11,500 రూపాయలైంది. 2023 డిసెంబరులో వారు సమ్మెకు దిగితే అది 42 రోజులు సాగింది, మధ్యలో అత్యవసర సేవల నిర్వహణ చట్టం (ఎస్మా) ప్రయోగించారు. అత్యవసర సేవ అని ఎస్మా పెట్టగలిగిన ప్రభుత్వానికి ఆ అత్యవసరం జీతాల దగ్గర కూడా గుర్తుండాలి. అంతకుముందు 2022లోనే వీరు గ్రాట్యుటీకి అర్హులని సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. పిల్లల సంరక్షణలో పెట్టే డబ్బులో ఎక్కువ భాగం జీతాలకే పోతుందని కొందరు దాన్ని భారంగా చూపుతారు. ఆ జీతాలు అదే ఊళ్లోని ఆడవాళ్ల చేతికి అంది, అక్కడి కిరాణా కొట్లలోనే ఖర్చవుతాయి. ఆ డబ్బు ఎక్కడికీ పోదు.

పరదేశంలో ఉన్న మనవాళ్ల సంగతీ ఇందులో భాగమే. అమెరికాలో సమాఖ్య చట్టం సాధారణంగా ఇచ్చేది జీతం లేని 12 వారాల సెలవే. డేకేర్ ఖర్చు చాలా ఎక్కువ. అందుకే విజయవాడ నుంచో కరీంనగర్ నుంచో అమ్మానాన్నలు ఆర్నెల్లు, అత్తమామలు ఆర్నెల్లు వంతులవారీగా విమానం ఎక్కుతున్నారు. మనవడి మీద ప్రేమ నిజమే. మోకాళ్ల నొప్పులతో, మాట్లాడే తోడు లేని వీధిలో ఆ అమ్మమ్మో నాయనమ్మో చేసే పనికి అక్కడైతే పెద్ద ఖరీదే ఉండేదన్నదీ నిజమే.

2022లో మిషన్ శక్తి పథకం కింద కేంద్రం ‘పాల్నా’ పేరుతో అంగన్‌వాడీ కమ్ క్రెష్‌లకు దారి తెరిచింది. ఆర్నెల్ల నుంచి ఆరేళ్ల దాకా పిల్లలను అక్కడ ఉంచుకోవచ్చు. కర్ణాటక 2023లో ఉపాధి కూలీల పిల్లల కోసం పంచాయతీల్లో ‘కూసిన మనె’ కేంద్రాలు మొదలుపెట్టింది. మన రాష్ట్రాలు వీటిని అందిపుచ్చుకునేటప్పుడు చూడవలసిన మొదటి విషయం వేళలు. కూలీల ఆటో ఆరున్నరకు వెళ్లిపోయే ఊళ్లో తొమ్మిదింటికి తలుపు తీసే కేంద్రం పనికిరాదు. కోతల కాలంలో ఆరింటికే తెరవాలి, రెండో షిఫ్టుకు మరో ఆయాను పెట్టాలి, ఆమెకు కనీస వేతనం ఇవ్వాలి. ఏ ఊళ్లో ఏ నెలలో ఎంతమంది తల్లులు ఎన్ని గంటలకు పనిలోకి వెళుతున్నారో డ్వాక్రా సంఘాలను అడిగితే చెబుతాయి. ఆ జాబితా తయారుచేయడంతో పని మొదలుపెట్టవచ్చు.