ఏసీ/డీసీ "పవర్ అప్": మళ్ళీ అదేనా?

2020 నవంబర్‌లో ఏసీ/డీసీ వాళ్ళ "పవర్ అప్" వచ్చినప్పటి నుంచీ ఎవర్ని కదిపినా ఒకటే మాట, "అన్నీ పాత పాటల్లాగే ఉన్నాయి" అని. ఉంటే ఏంటట? మా కోసిగి వైపు హరిశ్చంద్ర నాటకం చూసేవాళ్ళెవరూ కాటి సీనులో కొత్తేముందని అడగరు. పద్యం ఎట్లా ఎత్తుకున్నాడో చూస్తారు. నచ్చితే వన్స్ మోర్!

ఈ ఆల్బం కూడా అట్లా వినాల్సిందే. మాల్కం యంగ్ డిమెన్షియాతో 2014లో తప్పుకున్నాడు, 2017లో పోయాడు. 2016లో బ్రయన్ జాన్సన్ వినికిడి దెబ్బతిని టూర్ మధ్యలో ఆగిపోయాడు. ఇక బ్యాండు పనైపోయిందనే చాలామంది అనుకున్నారు. తీరా చూస్తే తమ్ముడు ఆంగస్, అన్నతో కలిసి ఎప్పుడో కట్టిపెట్టుకున్న గిటార్ ముక్కల్లోంచి 12 పాటలు తీశాడు. అన్నిటికీ రచయితలుగా అన్నదమ్ములిద్దరి పేర్లే. మాల్కం వాయించాల్సిన గిటార్ వాళ్ళన్న కొడుకు స్టీవీ వాయించాడు.

పోయిన అన్న కట్టిన బాణీల్ని కొత్తదనం పేరుతో మార్చేస్తే అది ఇంకెవరి ఆల్బమో అయ్యేది. మొత్తం 41 నిమిషాల్లో ఏడుపుగొట్టు పాట ఒక్కటీ లేదు. "త్రూ ద మిస్ట్స్ ఆఫ్ టైమ్"లో మాత్రం కాస్త గతం తల్చుకుంటారు, అదీ కాలు ఆడిస్తూనే. మధ్యలో రెండు మూడు పాటలు ఏది ఏదో నాకూ తేలలేదు లెండి :-) అయినా తీసెయ్యమంటే తీసెయ్యను.