చెట్టు పేరు చెప్పి

నల్లమల, లంకమల, శేషాచల శ్రేణుల నీడను బ్రతుకు కర్నూలు, కడప మండలముల ప్రజలకు మూలికపై గల విశ్వాసము నిన్న మొన్నటిది కాదు; వానలు తప్పిన యేట సైతము పచ్చగా నిలిచియుండు కొండచెట్టునందు ఏదో మహిమ గలదని నమ్ముట కరవుసీమలో వింతయును కాదు. అయితే ఆ నమ్మకమునకు ఇటీవల నూతనమైన అండ యొకటి దొరికినది. ఆకుల కషాయముతో తయారైన వెండి నానో రేణువులు రొమ్ము కాన్సర్ కణములను నశింపజేసినవని శాస్త్రపత్రికలలో వెలువడు ఫలితములు, చేతులు మారి పసరువైద్యుని వాకిటికి చేరునప్పటికి, “చూచితిరా, మా తాతలనాటి మందును సైన్సే ఒప్పుకొన్నది” అను ఘోషగా పరిణమించుచున్నవి. శాస్త్రము ఒప్పుకొన్నదేమి, ఒప్పుకొననిదేమి యని విడదీసి చూచుట అవసరము. ఏలయన ఇందు పొరబడినచో పోవునది ప్రాణము.

నానోమీటరనగా మీటరులో నూరు కోట్లవ వంతు. ఆకును గాని బెరడును గాని నీటిలో కాచి, ఆ కషాయమును సిల్వర్ నైట్రేట్ ద్రావణములో కలిపినచో, మొక్కలోని ఫినాలులు, ఫ్లేవనాయిడ్లు వెండి అయానులకు ఎలక్ట్రానులనిచ్చి వానిని లోహరేణువులుగా మార్చి, ఒకదానికొకటి అంటుకొనకుండ పొరవలె చుట్టుకొనును. ద్రవము గోధుమవన్నెకు తిరుగుట ఇందుకు తొలి గురుతు. ఈ విద్య మన సీమకు పరాయిది కాదు. తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయ వృక్షశాస్త్రజ్ఞులు 2011లోనే శేషాచలపు కొండసాంబ్రాణి బెరడుతో ఇట్టి రేణువులను తయారుచేసిరి. కాని వారు వానిని పరీక్షించినది సూక్ష్మజీవులపై, కాన్సర్‌పై కాదు. ఇతర పరిశోధనశాలలలో రొమ్ము కాన్సర్ పరీక్షలకు తరచు ఆధారమైనది ఎం.సి.ఎఫ్.-7 అను కణసంతతి. 1970లో అమెరికాలో ఒక క్రైస్తవ సన్యాసిని దేహమునుండి గ్రహించి, నాటినుండి గాజుపాత్రలలో పెంచుచు వచ్చిన కణములవి.

ఆ గాజుపాత్రలో కణము చచ్చినదనుట అబద్ధము కాదు. కాని చంపినది ఆకా, వెండియా? వెండి అయాను తనంతట తానే కణములకు విషము. మఱియు పాత్రలోని కణమును చంపుట దుర్ఘటమైన పనియును కాదు. గాఢమైన ఉప్పునీరైనను ఆ పని చేయును. రోగిని చంపక రోగకణమును మాత్రమే చంపుటయే వైద్యము. రక్తములోనికి ఎక్కించిన రేణువులలో అత్యధికభాగమును కాలేయము, ప్లీహము పట్టివేయును. పది సంవత్సరముల పరిశోధనలను క్రోడీకరించి 2016లో వెలువడిన సమీక్ష ప్రకారము, జంతువులకు ఇచ్చిన మోతాదులో కణితిని చేరినది మధ్యస్థముగా నూటికి 0.7 వంతు మాత్రమే.

గాజుపాత్రకును రోగికిని నడుమగల ఇంతటి దూరమును ఒక్క గంతున దాటించువారు మనలో కొల్లలు. ఏ వింత జరిగినను “బ్రహ్మంగారు ముందే చెప్పినారు” అని కాలజ్ఞానమున వెదకికొనుట కడప మండలమున అలవాటే గదా. జరుగకముందు ఎవరికిని కనబడని ఆ వాక్యము జరిగిన పిమ్మట అందరికిని కనబడును. స్వర్ణభస్మమే నానోవిద్య, మా పసరే నానో ఔషధము అనువారి తర్కమును ఆ జాతిదే. రేణువు చిన్నదైనంత మాత్రమున ఔషధమగునా? పొయ్యిపొగలోను నానో రేణువులు గలవు.

చెట్టునుండి మందు రాదని ఏ హేతువాదియు అనడు. 1962లో అమెరికా పసిఫిక్ తీరపు అడవులలో సేకరించిన యూ చెట్టు బెరడునుండి వాల్, వాని అను శాస్త్రజ్ఞులు టాక్సాల్ అను పదార్థమును వేరుచేసి, దాని నిర్మాణమును 1971లో ప్రకటించిరి. రొమ్ము కాన్సర్‌కు అక్కడ అనుమతి లభించినది 1994లో. అది నీటిలో కరగదు గనుక, ఆముదమునుండి చేసిన ద్రావకములో కలిపి ఎక్కించిరి. ప్రకృతి సిద్ధమైనదానికి హాని యుండదనువారు గమనింతురుగాక, ఆ ద్రావకమే కొందరు రోగులలో తీవ్రమైన ఎలర్జీని కలిగించినది. తుదకు ఆ మందునే ఆల్బుమిన్ అను ప్రోటీనుతో సుమారు 130 నానోమీటర్ల రేణువులుగా చేసి, 2005లో అనుమతి పొందిరి. మొక్కనుండి పుట్టి నానో రూపమున రొమ్ము కాన్సర్ రోగికి నిజముగా అందుచున్న ఔషధమిది. బెరడునుండి ఇంతవరకు నడచుటకు పట్టినది నలువదిమూడేండ్లు.

మన పెరటి బిళ్ళగన్నేరు కథ మఱింత బోధకము. మధుమేహమునకు మందని లోకము నమ్మిన ఆ ఆకును కెనడాలో పరీక్షింపగా చక్కెర తగ్గలేదు సరిగదా, జంతువుల రక్తములోని తెల్లకణములు తగ్గినవి. ఆ ఆశ్చర్యమునుండియే 1958లో విన్‌బ్లాస్టిన్ అను కాన్సర్ మందు వెలువడినది. లోకవిశ్వాసము చూపినది చెట్టునే గాని రోగమును కాదు. ఇక మైదుకూరు పసుపులోని కర్క్యుమిన్ మాటయా, శరీరములో నిలువనిదియు రక్తమున చాలినంత చేరనిదియు నగు ఆ పదార్థము మోసపుచ్చునదని 2017లో రసాయన శాస్త్రజ్ఞులు సమీక్షించి హెచ్చరించిరి.

పసరువైద్యమునకును పరిశోధనకును గల అసలు భేదము ఆకులో లేదు, ఆచారములో ఉన్నది. ఆదివారము మాటాడక వేరు పెకలింపవలెను, పేరు చెప్పినచో గుణము పోవును, పథ్యము తప్పినచో మందుది తప్పు కాదు అను నియమములు మూడును చేయు పని ఒకటే: మందును పరీక్షకు అందకుండ కాపాడుట. శాస్త్రజ్ఞుడు పేరు, పాలు, మోతాదు, విధానము ప్రకటించి, తప్పైనచో చూపుడని లోకమును పిలుచును. చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకొనువాడు మాత్రము, ఇచ్చట చెట్టు పేరును చెప్పడు.

దీనికి తోడు “కత్తి తగిలితే జబ్బు పాకును” అను భయము, రొమ్మును గూర్చి మాటాడుట సిగ్గను సంకోచము చేరి, గోలీకాయంత గడ్డ పుండగువరకు పసరుకట్టు క్రిందనే దాగియుండును. 2018లో ప్రచురితమైన అమెరికా అధ్యయనమున, నిరూపితమైన చికిత్సను కాదని ప్రత్యామ్నాయ వైద్యమునే ఎంచుకొన్న రొమ్ము కాన్సర్ రోగులకు మరణాపాయము ఐదున్నర రెట్లకు మించి యున్నట్లు తేలినది. కాన్సర్‌ను నయముచేయుదుమను ప్రకటనలను మన దేశమున 1954 నాటి చట్టమే నిషేధించినది. చట్టమున్నను ప్రకటన ఆగలేదు.

వేమన పేరు పెట్టుకొన్న విశ్వవిద్యాలయము కడపలో నున్నది. అచటను, ఇతరత్రను పనిచేయు పరిశోధకులు తమ ఫలితము పాత్రలోనిదా, ఎలుకలోనిదా, మనిషిలోనిదా యని తేటతెల్లముగా తెలుగున చెప్పవలెను. రొమ్మున గడ్డ తగిలిన తల్లులారా, ఆ గడ్డ నొప్పిలేదని ఊరకుండకుడు. కర్నూలు, కడప ప్రభుత్వాసుపత్రులలో వెంటనే చూపించుకొనుడు. 2007లో ఆరోగ్యశ్రీ పేరున ఆరంభమైన ప్రభుత్వ పథకములో కాన్సర్ చికిత్సయు చేరియున్నది. ముందుగా తెలిసిన రొమ్ము కాన్సర్ చాలవరకు నయమగు వ్యాధి.