జనాజా నాటి తీర్పులు కాదు, ముందునాటి పలకరింపు కావాలి

ఒక యువకుడు తన ప్రాణం తానే తీసుకున్నాడని తెలిసిన మరుక్షణం మనలో మొదలయ్యే చర్చ ఏమిటి? అతనిని అంతదూరం నెట్టినదేమిటన్నది కాదు. జనాజా నమాజు చేయవచ్చునా, ఎవరు చేయించాలి, ఊరికి ఏమని చెప్పుకోవాలి అన్నదే. కోనసీమలో ముస్లింలు బహు కొద్దిమంది. గౌతమి ఒడ్డున ముక్తేశ్వరం వంటి ఊళ్ళో ఉదయం పుట్టిన మాట సాయంత్రానికి అమలాపురం చేరుతుంది. ఆ ఇంట పెళ్ళి కావలసిన ఆడపిల్ల ఉంటే సంబంధాలు ఆగిపోతాయన్న భయం ఉంటుంది. అందుకే 'కడుపునొప్పి తాళలేక' అన్న మాట ఒకటి మనకు ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. ఆ అబద్ధం వెనుక దాగిన తమ్ముడినో చెల్లెలినో పలకరించే దారి కూడా దానితోనే మూసుకుపోతుంది.

'ఈమాన్ బలహీనత' అని ఒక్క మాటతో తేల్చేసే పెద్దలతోనే నా తగాదా. ఆత్మహత్య హరాం అన్నదానిలో వివాదం లేదు. సూరా నిసా 29వ ఆయత్ దానిని నిషేధించింది. అయితే అదే ఆయత్ అల్లాహ్ కారుణ్యాన్ని గుర్తుచేస్తూ ముగుస్తుందని ఈ పెద్దలు ఎందుకు చెప్పరు? అలా మరణించిన ఒకరికి ప్రవక్త (స) స్వయంగా నమాజు చేయించలేదన్న హదీసును ఉదహరిస్తారు. అదే సహీహ్ ముస్లింలో తుఫైల్ బిన్ అమ్ర్ (రజి) సహచరుని ఉదంతం ఉంది. వ్యాధి బాధకు ఓర్వలేక చేతుల కీళ్ళు కోసుకుని మరణించిన ఆ వ్యక్తి చేతులను కూడా క్షమించమని ప్రవక్త (స) దుఆ చేశారు. ఆత్మహత్య చేసుకున్నవారికి జనాజా నమాజు ఉందన్నదే అధికసంఖ్యాక ఫుఖహాల అభిప్రాయం. మొదటి హదీసు మాత్రమే తెలిసి రెండోది తెలియనివారు మింబరు ఎక్కి తీర్పు చెప్పడం ధర్మరక్షణ అనిపించుకోదు.

2020 నవంబరులో నంద్యాలలో ఒక ఆటో డ్రైవరు, భార్య, ఇద్దరు పిల్లలు కలిసి ప్రాణాలు తీసుకున్నారు. పోలీసుల వేధింపులే కారణమని చివరి వీడియోలో చెప్పి వెళ్ళారు. అక్కడ బలహీనమైనది వారి ఈమానా, మన న్యాయవ్యవస్థా? హక్కుల ఉద్యమం ఆనాడు వీధిలోకి వచ్చింది, సరే. కాని అలాంటి ఇంటి తలుపు ఒక వారం ముందు తట్టగల మనిషి మన జమాఅత్‌లలో ఇప్పటికీ లేడు. ఈ లోటు ప్రభుత్వానిది మాత్రమే కాదు.

'మనమేమైనా డాక్టర్లమా' అని అడిగేవారికి ఒక జవాబుంది. ఆత్మహత్యాయత్నం చేసి బతికిన 1,867 మందిపై ప్రపంచ ఆరోగ్య సంస్థ చెన్నైతో సహా ఐదు దేశాల్లోని నగరాల్లో జరిపిన అధ్యయనం 2008లో వెలువడింది. కొందరికి మామూలు వైద్యం మాత్రమే అందింది. మిగిలినవారితో అదనంగా ఒక గంట మాట్లాడి, ఆపై పద్దెనిమిది నెలల్లో తొమ్మిదిసార్లు ఫోనులోనో ఇంటికి వెళ్ళో యోగక్షేమాలు అడిగారు. ఆ కాలంలో ఆత్మహత్యతో మరణించినవారు మొదటి వర్గంలో 2.2 శాతం, రెండో వర్గంలో 0.2 శాతం. పలకరించినవారు వైద్యరంగంలో అనుభవమున్నవారే, నిజమే. కాని తొమ్మిదిసార్లు గుర్తుంచుకుని వెళ్ళడానికి కావలసింది ఎంబీబీఎస్ కాదు. సికింద్రాబాదులో 'రోష్ని' 1997 నుంచి నడుస్తున్నది శిక్షణ పొందిన వాలంటీర్లతోనే. లండన్‌లో 2001లో ముస్లిం యూత్ హెల్ప్‌లైన్‌ను స్థాపించినది ముస్లిం యువకులే.

వాలంటీర్లలో సగం మంది స్త్రీలు కావాలి. ఇది మసీదు కమిటీలకు రుచించదని తెలుసు. అత్తింట్లో కట్నం కోసం నలిగే పిల్ల, ఇంటర్ తప్పిన పిల్ల గడ్డం నెరిసిన ముతవల్లీ ముందు నోరు విప్పుతుందా? తల్లో తండ్రో కువైట్‌లో ఉండి నానమ్మ దగ్గర పెరిగే పిల్లల ఇళ్ళు ఏవో ఆ వీధి ఆడవాళ్ళకే ముందు తెలుస్తాయి. ఫలితాల రోజున ఆ ఇళ్ళకు వెళ్ళడం, పురుగుమందు డబ్బా చేతికందే చోట లేకుండా చూడడం, ఆమిల్ దగ్గరికే కాక మానసిక వైద్యుని దగ్గరికీ వెంట తీసుకువెళ్ళడం వారి పని. టెలీమానస్ నంబరు 14416 ప్రతి ఇంట్లో తెలిసి ఉండాలి. ఎవరికీ చెప్పనని మాట ఇచ్చినా, ప్రాణం మీదికి వచ్చినప్పుడు ఆ మాట తప్పే ధైర్యం కూడా వాలంటీరుకు ఉండాలి.

కేసు అవుతుందన్న భయంతో ఆసుపత్రికి తీసుకువెళ్ళని ఇళ్ళున్నాయి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షను ప్రకారం, ఆత్మహత్యాయత్నం చేసిన వ్యక్తి తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, శిక్షించరాదు. పాత ఐపీసీ 309 సెక్షను 2024 జూలై 1తో పోయింది. ఈ రెండు వాక్యాలు జుమా ఖుత్బాకు ముందు చెప్పడానికి ఒక్క నిమిషం చాలు.

ప్రభుత్వాన్ని వదిలేయమని కాదు. విశాఖపట్నంలో ఒక నీట్ విద్యార్థిని మరణించిన కేసులో సుప్రీంకోర్టు 2025 జూలై 25న, వంద మంది లేదా అంతకు మించి విద్యార్థులున్న విద్యాసంస్థల్లో అర్హత గల కౌన్సెలరు ఉండాలని ఆదేశించింది. అమలాపురం, ముక్తేశ్వరం పరిసరాల కళాశాలల్లో ఎందరిని నియమించారో సమాచార హక్కు కింద అడగవలసినవాళ్ళం మనమే. పిల్లలు హాస్టల్లో ఉండి చదివే మన మదర్సాలను కూడా ఇదే ప్రశ్న అడగాలి. అక్కడ జవాబు రావడానికి దరఖాస్తు అక్కరలేదు, కమిటీ సభ్యులు ఒక సాయంత్రం కూర్చుంటే చాలు.