స్వీడను ప్రజల నిగ్రహము

స్టాకుహోము నగరవీథులలో పేరుమోసిన నటుడో, గాయకుడో, మంత్రియో నడచిపోవుచుండ నచటి జనులు సాధారణముగా గుమిగూడరు, వెంటబడరు, కేకలు వేయరు. ఒక్కమాఱు చూచి గుర్తించి, చూడనట్లే తమ త్రోవను తాము పోవుదురు. దీనిని అలక్ష్యమని పరదేశపు యాత్రికులు భ్రమపడుట కద్దు. ఇది అలక్ష్యము గాదు, ఎఱుగమియు గాదు. ఎదుటివాని యేకాంతము వానిసొత్తని యెంచి, దానిని ముట్టకుండుటయే వారి మర్యాద.

ఈ శీలమునకు మూలమేమి? పలువురు ‘యాంటె శాసనము’ అను మాట నుదాహరింతురు. డెన్మార్కున జన్మించి నార్వే భాషలో వ్రాసిన ఆక్సెల్ సాండెమోసె 1933లో ప్రకటించిన నవలలో యాంటె యను కల్పిత గ్రామము గలదు. ఆ యూరికి పది కట్టడులు. తోటివారికంటె దాను అధికుడనని యెవడును తలంపరాదనుట వాని సారము. అయితే సాండెమోసె వీనిని ఆదర్శముగా వ్రాయలేదు. మనుష్యుని అణగద్రొక్కు చిన్నయూరి యసూయను అధిక్షేపించుటకే వ్రాసెను. ప్రతిభను సహింపని సమత్వము సమత్వము గాదు, అసూయకు మఱుపేరు. కావున స్వీడనుజనుల మర్యాదను ఈ శాసనమొక్కదానితో వివరించుట చాలదు.

మఱియొక కారణము వారి సంబోధనలోనే కానవచ్చును. పూర్వమచట మనుష్యుని బిరుదముతోడను, పదవితోడను పిలుచుట యాచారము. ఎదుటనున్న వైద్యునితోనే ‘డాక్టరుగారు రేపు వత్తురా’ యని ప్రథమపురుషలో మాటాడవలసివచ్చెడిది. 1967లో వైద్యశాఖకు అధిపతియైన బ్రూర్ రెక్సెడ్, తన కార్యాలయమున నందఱిని ‘నీవు’ అనియే సంబోధింతునని ప్రకటించెను. అంతకుమున్నే మొలకెత్తిన యీ మార్పు కొలదికాలములో రాజకుటుంబముదక్క దేశమంతట వ్యాపించెను. మంత్రిని ‘నీవు’ అని పిలువగలవాడు మంత్రిని చూచి విభ్రాంతుడగుట యేల?

చలనచిత్రకర్త ఇంగ్మార్ బెర్గ్‌మన్ ఫోరొ ద్వీపమున బహుకాలము నివసించి 2007లో నచటనే మరణించెను. ఆయన యిల్లెక్కడయని యడుగు యాత్రికులకు ద్వీపవాసులు త్రోవ చూపెడివారు కారని ప్రసిద్ధి. విశ్వవిఖ్యాతుడు వారికి మొదట పొరుగువాడు, తరువాతనే విఖ్యాతుడు.

అయితే యీ నమ్మకమునకు స్వీడను చెల్లించిన మూల్యము స్వల్పము గాదు. 1986 ఫిబ్రవరి 28వ తేదిని ప్రధానమంత్రి ఓలొఫ్ పాల్మె తన అంగరక్షకులను పంపివేసి, భార్యతో భూగర్భపు రైలులో సినిమాకు బోయెను. రాత్రి కాలినడకను ఇంటికి మరలుచు స్వేయావేగెన్ వీథిలో తుపాకికి గుఱియై కూలెను. 2003 సెప్టెంబరు 10వ తేదిని విదేశాంగమంత్రిణి ఆనా లిండ్ స్టాకుహోములోని యొక పెద్ద అంగడిలో, రక్షకులెవరును లేక, వస్త్రములు చూచుచుండ కత్తిపోట్లకు లోనై మఱునాడు అసువులు బాసెను.

ఈ రెండు మరణములను జూపి, ప్రముఖులు సామాన్యులవలె తిరుగుట మూఢత్వమని వాదించువారు గలరు. ఆ వాదము సగమే నిజము. నాయకుని ప్రాణమును గాపాడుట ప్రభుత్వపు విధి. ఆ విధిలో లోపము గలిగినచో దానిని సవరింపవలసినదే. కాని జనుల నిగ్రహము హంతకునికి ఆయుధము నీయలేదు. గుంపు మూగుటయు నెవరికిని కవచము గాదు. రక్షకభటులు పెరిగినంతమాత్రమున పౌరులు తమ సభ్యతను విడువవలసిన పనిలేదు.

గొప్పవానిని జుట్టుముట్టుట వానిని గౌరవించుట యని మనము తలంతుము. తనపనిమీద బోవువానికి త్రోవ యొసగుటయు గౌరవమే. అందువలన వానికి ఏకాంతము దక్కును. చూచినవానికి ఆత్మగౌరవము దక్కును. ఈ రెండవలాభమే పెద్దది.