కోచ్‌ను మైదానంలోకి పంపి, తప్పు అంపైర్‌దంటారా?

రాజస్థాన్‌తో 2022 ఏప్రిల్ 22న వాంఖెడేలో జరిగిన ఐపీఎల్ మ్యాచ్ చివరి ఓవర్లో సహాయ కోచ్ ప్రవీణ్ ఆమ్రేను మైదానంలోకి పంపడం సరికాదని అప్పటి ఢిల్లీ కెప్టెన్ రిషభ్ పంత్ ఒప్పుకున్నారు. ఆ వెంటనే, తమకు జరిగిందీ సరికాదని, తప్పు ఇరువైపులా ఉందని అన్నారు. ఈ రెండో మాట నిలవదు.

ఆ ఓవర్లో రాజస్థాన్ బౌలర్ మెకాయ్ వేసిన ఫుల్‌టాస్‌ను అంపైర్ నోబాల్‌గా ప్రకటించకపోవడమే గొడవకు మూలం. ఆ బంతి నడుం ఎత్తు దాటిందా లేదా అన్నది అంపైర్ రెప్పపాటులో తేల్చాల్సిన విషయం. దాటిందనే రీప్లే చూసిన చాలామందికి అనిపించింది. అంపైర్ పొరబడ్డారనే అనుకుందాం. అది చూపులో దొర్లిన పొరపాటు. బ్యాటర్లను వెనక్కి రమ్మని సైగ చేయడం, కోచ్‌ను బౌండరీ దాటించడం తెలిసి చేసిన పనులు. ఈ రెంటినీ ఒకే తక్కెడలో ఎలా తూస్తారు? పైగా థర్డ్ అంపైర్ కలగజేసుకోవాల్సిందని పంత్ వాదన. వికెట్ పడితే తప్ప బంతి ఎత్తును పరిశీలించే అధికారం అప్పటి నిబంధనల ప్రకారం ఆయనకు ఉండేది కాదు. అంటే అంపైర్లు నిబంధన మీరనందుకే వారి మీద తప్పు మోపుతున్నారన్నమాట! సమీక్ష పరిధి పెంచాలన్న కోరిక న్యాయమైనదే. దాన్ని అడగాల్సింది బోర్డును.

తన నిర్ణయాన్ని వెంటనే మార్చుకునే వీలు క్రికెట్ చట్టంలోని 2.12 నిబంధన అంపైర్‌కు ఇచ్చింది. ఆ వీలు ఆయన విచక్షణకే గానీ, డగౌట్ ఒత్తిడికి కాదు. కారణం అడిగితే అంపైర్ చెప్పవచ్చు, బేరానికి మాత్రం దిగకూడదు. ఆ మ్యాచ్ అంపైర్ నితిన్ మేనన్ చేసిందదే: ఆమ్రేతో మాట్లాడి, వెనక్కి పంపి, ఆట కొనసాగించారు. అంపైర్ నిర్ణయాన్ని ఒప్పుకోవాల్సిందేనని ఢిల్లీ శిబిరం నుంచే సహాయ కోచ్ షేన్ వాట్సన్ చెప్పడం గమనించాలి.

దీని ప్రభావం ఐపీఎల్‌తో ఆగదు. కడప, కర్నూలు స్కూలు పోటీల్లో అంపైర్‌గా నిలబడేది చాలాసార్లు పక్క బడి పీఈటీ సారే. ఎండలో టోపీ పెట్టుకుని, బంతులు లెక్క తప్పకుండా చేతిలో ఆరు గులకరాళ్లు మార్చుకుంటూ నిలబడే ఆయనకు రీప్లేలూ లేవు, మ్యాచ్ రిఫరీ అండా లేదు. టీవీలో పంత్‌ను చూసిన పిల్లల కోచ్ రేపు ఆయన మీదికి వెళితే ఆపేదెవరు?

2019లో జైపూర్‌లో చెన్నై కెప్టెన్ ధోనీ ఇలాగే మైదానంలోకి వెళ్తే సగం ఫీజు కోసి సరిపెట్టారు. ఆ మెతకదనం ఫలితమే ఇది. 2022లోనూ కెప్టెన్ పంత్‌కు ఫీజు మొత్తం జరిమానాతో సరిపెట్టి, ఆమ్రేకు మాత్రం జరిమానాతో పాటు ఒక మ్యాచ్ నిషేధం విధించారు. ఆ నిషేధం పంత్‌కూ పడాల్సింది.