హరికేన్ల రుతువులో విహారనౌక: పెద్దవారిని తీసుకువెళ్లే ముందు

వేసవి రాగానే మన జిల్లాల నుంచి ఎందరో తల్లిదండ్రులు అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరకు వెళుతుంటారు. ఆరు నెలల మజిలీలో మొదటి నెల మనుమల ముద్దుమాటలతో గడిచిపోతుంది. తరువాత అమ్మానాన్నలకు ఏదైనా చూపించాలని పిల్లలు తహతహలాడతారు. ఈ మధ్య కాలంలో ఆ చూపించేవాటిలో కరీబియన్ సముద్రంలో వారం రోజుల విహారనౌకా యాత్ర ముందు వరుసలోకి వచ్చింది. మయామీ నుంచో, గాల్వెస్టన్ నుంచో బయలుదేరి నాలుగైదు దీవులు చూసి రావడం, మెట్లెక్కే శ్రమ లేకుండా లిఫ్టులు, మూడు పూటలా భోజనం, మోకాళ్ల నొప్పులున్నవారికి ఇంతకంటే సుఖమైన ప్రయాణం లేదని చెబుతారు. అది నిజమే. ఆగస్టు చివర, సెప్టెంబరు నెలల్లో టికెట్టు ధర బాగా తగ్గుతుందన్నదీ నిజమే.

ఆ ధర ఎందుకు తగ్గుతుందో మాత్రం చాలామంది ఆలోచించరు. బడులు తెరుచుకుంటాయి కనుక పిల్లలున్న కుటుంబాలు ప్రయాణాలు మానుకుంటాయి. ఇది ఒక కారణం. రెండవది వాతావరణం. అట్లాంటిక్ మహాసముద్రంలో హరికేన్ల రుతువు జూన్ 1న మొదలై నవంబరు 30తో ముగుస్తుంది. మనం తుఫాను అనేదానికీ వారు హరికేన్ అనేదానికీ స్వభావంలో భేదం లేదు. గాలి వేగం గంటకు 119 కిలోమీటర్లు చేరితే అక్కడ ఆ పేరు పెడతారు. సగటున ఒక రుతువులో పేరు పెట్టదగిన తుఫానులు 14, వాటిలో హరికేన్లు 7. ఇవి ఆరు నెలల పొడవునా సమంగా పంచుకుని రావు. ఆగస్టు మధ్య నుంచి అక్టోబరు మధ్య వరకు ముమ్మరంగా ఉండి, సెప్టెంబరు 10 ప్రాంతంలో శిఖరానికి చేరతాయి. మన కోస్తాకు అక్టోబరు, నవంబరు నెలలు ఎలాంటివో, కరీబియన్ దీవులకు సెప్టెంబరు అలాంటిది.

'ఓడ మునిగిపోతుందా డాక్టరు గారూ?' అని అడిగేవారికి నా సమాధానం, ఆ భయం పెట్టుకోనవసరం లేదనే. నేటి విహారనౌక గంటకు 37 కిలోమీటర్ల వేగంతో సునాయాసంగా సాగుతుంది. ఆ సముద్రంలో హరికేన్ సాధారణంగా కదిలేది గంటకు 15 నుంచి 25 కిలోమీటర్లు. పైగా ఉపగ్రహాల పుణ్యమా అని తుఫాను ఎటు వెళుతుందో నాలుగైదు రోజుల ముందే చాలావరకు తెలుస్తుంది. కెప్టెన్ దారి మార్చుకుంటాడు. తుఫాను తూర్పున ఉంటే నౌక పడమరకు పోతుంది. నౌక భద్రత విషయంలో సంస్థలు చెప్పే మాట నమ్మదగినదే.

నా అభ్యంతరం వేరొకటి. నౌకకు క్షేమమైన దారి, నౌకలోని రోగికి క్షేమమైన దారి ఒకటి కాకపోవచ్చు. తుఫానును తప్పించుకుంటున్న నౌక రేవుకు దూరంగా, నడిసముద్రంలో ఉంటుంది. అది నౌకకు మంచిదే. అదే సమయంలో డెబ్బై ఏళ్ల వ్యక్తికి పక్షవాతం వస్తే?

ఈ ప్రశ్నను వివరంగా చూద్దాం. విహారనౌకలో వైద్యుడు, నర్సులు ఉంటారు. ఈసీజీ, ఎక్స్‌రే, ముఖ్యమైన రక్తపరీక్షలు, ఆక్సిజన్, కొద్దిరోజులపాటు వెంటిలేటరు వంటివి పెద్ద నౌకలలో ఉంటాయి. మన తాలూకా ఆసుపత్రులు చాలావాటికంటే మెరుగైన ఏర్పాటే. కానీ చాలా నౌకల్లో సీటీ స్కాన్ ఉండదు. పక్షవాతం రక్తనాళం మూసుకుపోవడం వల్ల వచ్చిందా, చిట్లడం వల్ల వచ్చిందా అన్నది స్కాన్ లేకుండా తేల్చలేము. తేలకుండా గడ్డ కరిగించే మందు ఇవ్వకూడదు. చిట్లిన నాళమైతే ఆ మందే ప్రాణం తీస్తుంది. ఇవ్వవలసి వస్తే నాలుగున్నర గంటల లోపే ఇవ్వాలి. గుండెపోటు విషయంలో కొంత నయం, గడ్డ కరిగించే మందు నౌకలోనే ఇవ్వగలరు. అయినా ఆ తరువాత యాంజియోగ్రామ్ చేయగల ఆసుపత్రికి త్వరగా చేరవలసిందే. రక్తనిధి, శస్త్రచికిత్సాగారం ఉండవు.

వాతావరణం ప్రశాంతంగా ఉన్నప్పుడు దీనికి మార్గముంది. నౌక దగ్గరి రేవు వైపు వేగంగా సాగుతుంది, లేదా అమెరికా తీరరక్షక దళం హెలికాప్టరు పంపి రోగిని పైకి లాగి తీసుకుపోతుంది. తుఫాను గాలుల్లో హెలికాప్టరు ఊగుతున్న నౌకపై నిలకడగా నిలబడలేదు. రేవులు కూడా మూసివేస్తారు. అమెరికా రేవులలో దీనికి నాలుగు దశల హెచ్చరికలున్నాయి. చివరిదాని పేరు 'జూలూ'. బలమైన ఈదురుగాలులు 12 గంటలలో వస్తాయనగా దానిని ప్రకటించి నౌకల రాకపోకలు ఆపుతారు. గాలి తగ్గిన తరువాతనైనా కాలువలో అడ్డంకులు లేవని, దారి చూపే బోయాలు స్థానంలోనే ఉన్నాయని పరిశీలించేదాకా రేవు తెరవరు.

2017లో ఏం జరిగిందో చూడండి. ఆగస్టు 25న హార్వీ అనే హరికేన్ టెక్సస్ తీరాన్ని తాకింది. హ్యూస్టన్ మునిగింది. అక్కడికి దగ్గరలోని గాల్వెస్టన్ రేవు మూతపడింది. అక్కడికి తిరిగి రావలసిన విహారనౌకలు లోపలికి రాలేక న్యూ ఆర్లీన్స్ వైపు, మయామీ వైపు మళ్లి, కొన్ని రోజులు ఆలస్యంగా చేరాయి. హ్యూస్టన్, డాలస్‌లలోని మనవారు నౌకాయాత్రకు ఎక్కువగా ఎక్కేది ఆ రేవులోనే. రెండు వారాలు తిరగకముందే, సెప్టెంబరు 6న, ఇర్మా వచ్చి సెయింట్ థామస్ దీవిని ఛిన్నాభిన్నం చేసింది. అది విహారనౌకలు నిత్యం ఆగే దీవి. ఆసుపత్రి దెబ్బతినడంతో డయాలిసిస్ రోగులను మొదట ప్యూర్టో రికోకు, తరువాత అమెరికా ప్రధాన భూభాగానికి తరలించవలసి వచ్చింది. అదే నెలలో మరియా ప్యూర్టో రికోను కూడా చీకటిలో ముంచింది. 'నౌకలో కాకపోతే దీవిలో చూపించుకుంటాం' అనుకునేవారు ఈ మాట గుర్తుంచుకోవాలి. తుఫాను దాటిన తరువాత ఆ దీవుల ఆసుపత్రులు తమవారికే చాలవు.

జూన్, జూలై నెలలు పూర్తిగా క్షేమమని చెప్పలేము. 2024లో బెరిల్ జూలై మొదటి వారంలోనే ఐదవ శ్రేణికి చేరింది. అంత ముందుగా అంత తీవ్రత అట్లాంటిక్‌లో అంతకుముందు నమోదు కాలేదు. అక్టోబరు చివరికి గండం గడిచిందనీ అనుకోలేము. 2025 అక్టోబరు 28న మెలిస్సా జమైకాను ఐదవ శ్రేణి తీవ్రతతోనే తాకింది.

తుఫాను దూరంగా ఉన్నా దాని అలలు వందల కిలోమీటర్లు ప్రయాణిస్తాయి. నౌక ఊగుతుంది. పక్క గదివారు ప్రేమతో ఒక వాంతుల బిళ్ల ఇస్తారు. ఇక్కడ నేను కొంచెం ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే పెద్దవారికి అపాయం తరచుగా ఈ చిన్న బిళ్లతోనే మొదలవుతుంది. ప్రోమెథజిన్, మెక్లిజిన్, డైమెన్‌హైడ్రినేట్, చెవి వెనుక అంటించే స్కోపొలమిన్ పట్టీ, ఇవన్నీ వృద్ధులలో మగతను, తికమకను కలిగిస్తాయి. ప్రోస్టేట్ పెరిగినవారికి మూత్రం బిగుసుకుపోవచ్చు. ఒక రకమైన గ్లకోమా ఉన్నవారికి కంటిపీడనం ఒక్కసారిగా పెరగవచ్చు. ఈ మందులను పెద్దవారికి సాధ్యమైనంతవరకు ఇవ్వవద్దని అమెరికా వృద్ధవైద్య నిపుణుల సంఘమే తన జాబితాలో చేర్చింది. మగతలో ఉన్న వ్యక్తి, ఊగుతున్న నౌక, అర్ధరాత్రి స్నానాలగది, దానికి ఎత్తైన గడప. తుంటి ఎముక విరగడానికి ఇంతకంటే ఏం కావాలి?

మధుమేహం ఉన్నవారి సంగతి మరికొంత చిక్కు. వాంతులతో అన్నం తినకుండా గ్లిమిపిరైడ్ వేసుకుంటే రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోతుంది. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ వంటివి వాంతులున్న రోజున కొనసాగిస్తే ఒంట్లో నీరు తగ్గి, చక్కెర అంతగా పెరగకపోయినా కీటోన్లు పేరుకోవచ్చు. నీరు తగ్గిన శరీరానికి రక్తపోటు మందులు, మూత్రం ఎక్కువ చేసే మందులు తోడైతే మూత్రపిండాలు దెబ్బతింటాయి. ఏ మందు ఏ రోజు ఆపాలో, ఇన్సులిన్ ఎంత తగ్గించాలో బయలుదేరే ముందే మీ వైద్యునితో మాట్లాడి, తెలుగులో కాగితం మీద రాయించుకోండి. ఇన్సులిన్‌ను మాత్రం సొంత నిర్ణయంతో పూర్తిగా మానవద్దు.

మందుల నిల్వ విషయంలో మనవాళ్లు చేసే లెక్క నాకు ఆశ్చర్యం కలిగిస్తుంది. పచ్చళ్లకు, పొడులకు పెట్టెలో అర్ధభాగం కేటాయించి, ఏడు రోజుల యాత్రకు ఏడు బిళ్లలు లెక్కపెట్టి సంచిలో వేసుకుంటారు. ఏడు రోజుల యాత్ర పది రోజులైతే? నౌకలోని మందుల గదిలో మీ మందు దొరకకపోవచ్చు. అమెరికా రేవుకు చేరినా దొరకకపోవచ్చు. మన దేశంలో విరివిగా వాడే గ్లిక్లజైడ్, విల్డాగ్లిప్టిన్, టెనిలిగ్లిప్టిన్, సిల్నిడిపిన్ అమెరికా దుకాణాలలో అమ్మరు. మన బ్రాండు పేర్లు అక్కడి వైద్యునికి తెలియవు. కనీసం రెండు వారాలకు సరిపడా మందులు, వాటి జనరిక్ పేర్ల జాబితా, పాత ఈసీజీ నకలు వెంట ఉండాలి. వాటిని పెద్ద పెట్టెలో పెట్టకండి. రేవులో అప్పగించిన పెట్టె గదికి చేరేసరికి సాయంత్రమవుతుంది. ఇన్సులిన్ ఆ ఎండలో ఉండకూడదు. చేతిసంచిలోనే ఉంచుకోండి.

ఇక బీమా. మనవారు తీసుకునే సందర్శకుల బీమాలో మధుమేహం, రక్తపోటు, గుండెజబ్బు వంటి పాత జబ్బులకు వర్తింపు చాలా పరిమితం. కొన్ని పత్రాలు అమెరికా నేల దాటితే పనిచేయవు. అక్కడే స్థిరపడి మెడికేర్ ఉన్న పెద్దలకూ ఇదే హెచ్చరిక: నౌక అమెరికా రేవుకు ఆరు గంటలకు మించిన దూరంలో ఉంటే అది సాధారణంగా వర్తించదు. రోగిని విమానంలో తరలించాలంటే పదుల వేల డాలర్లు అవుతాయి. ప్రయాణ బీమా కొనేవారు తుఫానుకు పేరు పెట్టకముందే కొనాలి. టీవీలో ఆ పేరు విన్న తరువాత కొంటే ఆ తుఫాను వల్ల కలిగే నష్టానికి పరిహారం రాదు. నౌకాసంస్థ ఒప్పందం కూడా చదవండి. దీవులు మార్చినా, కొన్ని రద్దు చేసినా, నౌక బయలుదేరినంతవరకు టికెట్టు డబ్బు తిరిగి ఇవ్వనవసరం లేదన్న నియమం అందులో సాధారణంగా ఉంటుంది.

ఇన్ని చెప్పిన తరువాత నా అభిప్రాయం దాచుకోను. ఆగస్టు మధ్య నుంచి అక్టోబరు మధ్య వరకు, గడచిన ఆరు నెలల్లో గుండెపోటు గాని పక్షవాతం గాని వచ్చినవారు, గుండె బలహీనతతో ఆయాసపడేవారు, డయాలిసిస్ మీద ఉన్నవారు, ఇంట్లోనే ఆక్సిజన్ వాడుతున్నవారు కరీబియన్ నౌక ఎక్కవద్దు. టికెట్టు ఉచితంగా ఇచ్చినా వద్దు. జబ్బు అదుపులో ఉండి, నడవగలిగి, పక్కన పిల్లలున్నవారు జాగ్రత్తలతో వెళ్లవచ్చు. ఆరోగ్యవంతులైన యువకులను నేను ఆపను. ఈ పట్టింపు అతిగా ఉందని కొందరు వైద్య మిత్రులే అన్నారు. వేలమంది వెళ్లి క్షేమంగా తిరిగి వస్తున్నారు కదా అని వారి వాదన. వచ్చేవారిలో ఎక్కువమందికి ఆ వారంలో వైద్యం అవసరం పడలేదన్నదే దానికి నా జవాబు.

పిల్లలకు ఒక మాట. అమ్మానాన్నలు మీ మాట కాదనలేరు. 'మీకెందుకు శ్రమ' అంటారే గాని, 'నాకు రాత్రిళ్లు ఆయాసంగా ఉంటోంది' అని కోడలి ముందు చెప్పరు. టికెట్టు కొనకముందు వారిని విడిగా కూర్చోబెట్టి అడగండి. ఈ సముద్రమే చూపించాలంటే జనవరి నుంచి ఏప్రిల్ వరకు హాయిగా ఉంటుంది. వారి ప్రయాణాన్నే ఆ నెలలకు మార్చుకోవచ్చు. వేసవిలోనే రావలసి వస్తే అలాస్కా నౌకలున్నాయి. చలికి శాలువా కావాలి, ఖర్చు కొంత ఎక్కువ, అక్కడా నౌక ఆసుపత్రికి అవే పరిమితులుంటాయి గాని హరికేన్ల బెడద లేదు. ఇప్పటికే సెప్టెంబరుకు టికెట్లు కొని ఉంటే, నౌకాసంస్థకు ఫోన్ చేసి తేదీ మార్చడానికి చివరి గడువు ఎప్పుడో, గడువు దాటితే ఎంత పోతుందో ఈ వారంలోనే తెలుసుకోండి.